మొగుడు నేర్పిన గురి

యాభై గుళ్ళలో ఇరవై రెండు. జూన్ పిస్తోలు పరీక్షలో నాకు తగిలినవి అన్నే. తగలాల్సినవి నలభై. మిగతావి ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి, లేదా వెనకనున్న మట్టిగట్టుకు తెలియాలి. షెరీఫ్ ఆఫీసు డెప్యూటీ హాలిస్ కాగితం మీద అంకె వేసి, నా ముఖం చూడలేక తన బూట్లు చూసుకుంటూ, "ఇంకో అవకాశం ఉంది, రోవీనా. ఆగస్టు ఆఖరి గురువారం. అప్పుడు కూడా కాకపోతే ఈ ఉద్యోగం వేరేవాళ్ళకు పోతుంది" అన్నాడు.

ఆ వేరేవాళ్ళు ఎవరో ఊరంతటికీ తెలుసు. జడ్జిగారి తోటమాలి కొడుకు. పాతికేళ్ళొచ్చినా తల్లి ఇస్త్రీ చేసిపెడితే గానీ చొక్కా తొడగడు. కానీ గురి మాత్రం ఉంది వెధవకి.

ఉద్యోగం ఏమంత గొప్పదని కాదు. కౌంటీ కోర్టు గుమ్మం దగ్గర గార్డు పని. వచ్చేవాళ్ళ సంచులు వెతకాలి, జడ్జి లోపలికి వస్తుంటే అందరినీ లేచి నిలబడమనాలి. నడుముకు పిస్తోలు ఉంటుంది కాబట్టి అది వాడటం వచ్చునని చూపించాలి. బడి వంటింట్లో పదకొండేళ్ళుగా బంగాళాదుంపలు పిసికే నాకు ఆ పని మీద ఆశ పుట్టింది ఒక్క కారణానికి. దానితో ఇంటిల్లిపాదికీ వైద్యం ఇన్సూరెన్సు వస్తుంది.

మా ఆయన వర్లిన్‌కు చక్కెర జబ్బు. రంపపు మిల్లు మూతపడిన రోజే మా ఇన్సూరెన్సు కూడా మూతపడింది. మే నెలలో ఫ్రిజ్ తుడుస్తుంటే కంటబడింది, నెలకు సరిపోయే ఇన్సులిన్ సీసా రెండో నెల కూడా నడుస్తోందని. మనిషి సగం సగం పొడుచుకుంటున్నాడు. అడిగితే "ఈమధ్య ఒంట్లో బాగానే ఉంటోంది, అంత అక్కర్లేదు" అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు వర్లిన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటాడు. ఆ పూట మూడుసార్లు తీశాడు.

అందుకని ఆ నలభై గుళ్ళు నాకు కావాలి. వాటి మీద ఆధారపడ్డది అతని ఒళ్ళే. అయినా పరీక్ష నుంచి ఇంటికొచ్చే దారిలో ట్రక్కు నడుపుతూ ఆయన అన్న మాట చూడండి.

"నేను చెప్పినట్టు చెయ్యలేదు నువ్వు."

"అక్షరం పొల్లుపోకుండా చేశాను, వర్లిన్."

"చేస్తే ఎందుకు తగలవు? ఎడమ కన్ను మూశావా?"

"మూశాను."

"ఊపిరి బిగబట్టావా?"

"బిగబట్టాను."

"మరైతే చెయ్యి వణికి ఉంటుంది. ఆడవాళ్ళకు ఉండేదేలే" అన్నాడు ఎంతో జాలిగా.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఇంట్లో ఇంకో మెట్టు పైన. ఆడించేవాడికి ఆట రాదు, ఓడేమో ఆడేవాళ్ళది.

మా అత్తవారు టాకెట్‌ల ఇంట్లో మగవాళ్ళందరూ తుపాకీతో పుట్టామనుకుంటారు. వర్లిన్, వాళ్ళ అన్న ఎల్వుడ్, చచ్చిపోయిన మామగారు, ఒకడేమిటి, అందరూ. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నేర్చుకోవడం నామోషీ. వాళ్ళ ఇంటి ఆచారం ఒకటుంది. కొత్త కోడలు వచ్చిన మర్నాడు కంకర గుంట దగ్గరికి తీసుకెళ్ళి, తాతగారి రెండు గొట్టాల పాత తుపాకీ చేతికిచ్చి, రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి లాగమంటారు. ఆ పిల్ల వెల్లకిలా పడుతుంది. మగవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారు. ఫొటో తీస్తారు. ఆ ఫొటోలన్నీ మా అత్తగారి నడవలో వరసగా వేలాడుతున్నాయి. అత్తగారిది, ఎల్వుడ్ మొదటి పెళ్ళానిది, రెండో పెళ్ళానిది, నాది. నలుగురం నలుగురే, కాళ్ళు పైకీ నోరు తెరుచుకునీ. నా భుజం మూడు వారాలు నల్లగా కమిలిపోయింది. అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వకపోతే బిగుసుకుపోయిన మనిషంటారని నవ్వాను, సిగ్గులేనిదాన్ని.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఏడాదికి రెండుమూడుసార్లు అదే కంకర గుంట దగ్గర నాకు పాఠం. ఎల్వుడ్ ట్రక్కు వెనక కూర్చుని చల్లటి బీరు డబ్బాలు తాగుతూ వ్యాఖ్యానం చేస్తుంటాడు. వర్లిన్ నా వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదులుతూ "కన్ను మూయి, బిగబట్టు, లాగు" అంటాడు. తగలకపోతే అదే మాట ఇంకా గట్టిగా అంటాడు. ఆయన బోధనలో ఉన్న మార్పల్లా గొంతు పెరగడమే.

కోర్టు ఉద్యోగం మాట వచ్చాక బహుమతి కూడా తెచ్చాడు. గులాబీరంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్. "ఆడవాళ్ళ కోసమే చేశారంట, కొట్టువాడు చెప్పాడు" అని మురిసిపోయాడు. అది అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది, గాలికి ఎగిరిపోయేంత తేలిక. పేలిన ప్రతిసారీ బొటనవేలి మొదట్లో సుత్తితో కొట్టినట్టుండేది. అయిదో గుండుకు చర్మం లేచిపోయింది. దానితో నెల రోజులు సాధన చేసి, పరీక్షలో కౌంటీ వాళ్ళిచ్చిన బరువైన పిస్తోలు పట్టుకుని, ఇరవై రెండు కొట్టానంటే అదే గొప్ప.

కోర్టు గుమస్తా ఒకావిడ పరీక్ష అయిన మర్నాడు బడి వంటింటికి ఫోను చేసి, "మీ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి జెనీవా దగ్గరికి పో" అని పెట్టేసింది. అంతకుమించి చెప్పనక్కర్లేదు. జెనీవా స్టాల్‌కప్ అంటే ఈ కొండల్లో ఎరగనివాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళు రాష్ట్రపు జైళ్ళలో కాపలావాళ్ళకు పిస్తోలు నేర్పిన మనిషి. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ఇంటి వెనక రెండు గుట్టల మధ్య సొంత మైదానం పెట్టుకుని డబ్బు తీసుకుని నేర్పుతుంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. ఆవిడ గోడకు చేరగిలబడి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఊస్తోంది. నా రివాల్వర్ తీసుకుని, ఖాళీ చేసి చూసి, రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఎవరు కొన్నారమ్మాయ్ ఇది?"

"మా ఆయనండీ, మిస్ జెనీవా. ఆడవాళ్ళ కోసం చేసిందట."

"ఇది చేసింది ఆడవాళ్ళ కోసం కాదు, వాళ్ళ మొగుళ్ళకు అమ్మడం కోసం. తేలిక తుపాకీ ఎక్కువ తన్నుతుందని పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. మీ ఆయన దీన్ని ఎప్పుడైనా కాల్చాడా?"

ఆలోచించాను. ఒక్కసారి కూడా కాల్చలేదు.

"అదీ సంగతి" అని దాన్ని బల్ల సొరుగులో పడేసి మూసింది. "నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళకు మొదటి నెల కాల్చడం నేర్పను. మొగుడు నేర్పింది మరిచిపోవడం నేర్పుతాను. ఎంతకాలం నేర్పాడు మీవాడు?"

"పంతొమ్మిదేళ్ళు."

"అమ్మ బాబోయ్" అంది ఆవిడ, నిజంగానే బెంగపడి.

ఆ రోజు ఒక్క గుండు కూడా కాల్చనివ్వలేదు. ప్రతి తుపాకీ నిండుగా ఉన్నట్టే అనుకో అంది. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదంది. ఇవి చెప్పడానికి గంట పట్టింది, ఎందుకంటే చెప్పింది తిరిగి నాచేత చెప్పించుకుంది. నాకు అర్థమైందో లేదో ఒక మనిషి అడగడం ఆ విద్యలో నాకదే మొదలు. ఏడుపొచ్చినంత పనయింది. గింజలు ఊస్తూ ఆవిడ అది చూడనట్టు నటించింది.

తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు కలిపి, మధ్యలో చిన్న సందు ఉంచమంది. ఆ సందులోంచి దూరంగా ఉన్న నీళ్ళ పీపాను చూడమంది. రెండు కళ్ళూ తెరిచే.

"కనపడుతోందా? ఇప్పుడు పీపాను వదలకుండా చేతులు మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకో."

తెచ్చుకున్నాను. చేతులు వాటంతటవే వచ్చి ఎడమ కంటి మీద ఆగాయి.

"ఇంకోసారి" అంది. మళ్ళీ ఎడమ కన్నే. మూడోసారి కూడా అంతే.

"నువ్వు రాసేది కుడిచేత్తో, చూసేది ఎడమ కంటితో. నీ కుడికన్ను చుట్టపుచూపుగా వచ్చిందమ్మాయ్, పనంతా ఎడమదే చేస్తోంది. మీ ఆయన ఏ కన్ను మూయమన్నాడు?"

చేతులు ఇంకా ముఖం మీదే ఉన్నాయి.

"ఎడమదే కదూ?" అంది జెనీవా. "పనిచేసే కన్ను మూసేసి, పంతొమ్మిదేళ్ళు నిన్ను మొద్దు అన్నాడన్నమాట."

కోపం రాలేదప్పుడు. కోపం ఇంటికొచ్చే దారిలో వచ్చింది, చర్చి దాటాక, ట్రక్కు పక్కకు ఆపాల్సినంత.

వర్లిన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఎలా ఉంది ముసలమ్మ?" అన్నాడు. చెప్పాను, కన్ను సంగతి.

"కన్ను కన్నే. రెండూ కనపడతాయి కదా నీకు?"

"కుడిది మసగ్గా కనపడుతుంది."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎప్పుడూ అడగలేదే."

"ఇదంతా డబ్బు గుంజే వేషం, రో. ఇంట్లో ఉచితంగా నేర్పేవాడు ఉండగా ముసలమ్మకు ఇచ్చుకోవడం, నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం కాకపోతే ఏంటి? పొద్దున కాఫీ కొట్లో అడిగారు, ఏం వర్లిన్, నీ వల్ల కాలేదా అని. ఏం చెప్పమంటావు?"

"కాలేదని చెప్పు."

లోపలికి పోయి, అత్తగారు పంపిన పీచ్ పండ్ల తీపి రొట్టె మొత్తం ముందర పెట్టుకుని చెంచాతో తిన్నాడు. అలిగితే అదే చేస్తాడు. చక్కెర జబ్బుతో నా మీద కసి తీర్చుకునే మగవాణ్ణి నేనొక్కదాన్నే ఏలుతున్నాననుకుంటా. ఎవరికైనా పంతం ఉంటుంది గానీ, తన ఒంట్లోనే విషం పోసుకుని ఎదుటివాళ్ళు చస్తారేమో అని చూడటం టాకెట్‌ల పంతం.

జూలై అంతా శనివారాలు, బుధవారాలు వెళ్ళాను. ఎండకు గుట్టల మీద గడ్డి ఎర్రబడింది, కీచురాళ్ళ గోలకు చెవికప్పులు పెట్టుకోవడమే హాయిగా ఉండేది. పరీక్షలో ఇచ్చే రకం పిస్తోలే ఇచ్చింది జెనీవా. కుడిచేత్తోనే పట్టుకోనిచ్చింది. తల రవ్వంత కుడికి తిప్పి, పిస్తోలును ఎడమ కంటి ముందుకు తెచ్చుకోమంది. "కన్ను మూయనే వద్దు. దేవుడు రెండిచ్చాడు, రెండూ తెరిచి ఉంచు" అంది. అంతే. పంతొమ్మిదేళ్ళ జబ్బుకు రెండంగుళాల మందు.

కానీ ఇంకో జబ్బు ఉంది. ఒకరోజు పిస్తోలులో తూటాలు తనే నింపి ఇచ్చింది. ధన్, ధన్ అని రెండు పేలాయి. మూడోది లాగితే టిక్కుమంది. పేలలేదు. పేలకుండానే నా పిస్తోలు ముక్కు నేలకు వంగింది, భుజాలు చెవుల దాకా లేచాయి, కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాయి. మందు లేని తూటా కలిపింది ముసలావిడ.

"చూశావా? దెబ్బ రాకముందే కాచుకుంటున్నావు. దీని దెబ్బ కాదది. దేని దెబ్బమ్మాయ్?"

చెప్పాను. తాతగారి తుపాకీ, కంకర గుంట, నడవలో ఫొటోలు. నవ్వుతూనే చెప్పాను, అందరూ నవ్వే కథే కదా అని. జెనీవా నవ్వలేదు.

"మా జైల్లో దొంగలున్నారు, హంతకులున్నారు. కొత్తవాణ్ణి అలా ఏడిపిస్తే వాళ్ళను వారం రోజులు చీకటి గదిలో పెట్టేవాళ్ళం" అంది. "మీ ఇంట్లో ఫొటో కట్టించుకుంటారు."

ఆ నెలంతా ఏ తూటా పేలుతుందో ఏది పేలదో తెలియకుండా కాల్చాను. పేలినా పేలకపోయినా చెయ్యి కదలకూడదు. కదిలితే జెనీవా ఏమీ అనేది కాదు, "ఇంకోటి" అనేది. ఆవిడ గొంతు మొదటి రోజు ఎంత ఉందో ఆఖరు రోజూ అంతే. ఆగస్టు రెండో వారానికి చెయ్యి నిలిచింది. మూడో వారానికి యాభైలో నలభై మూడు.

ఆఖరి పాఠం రోజున అడిగాను, "పరీక్షకు మీరు వస్తారా?" అని.

"నేనెందుకు? నువ్వు కాలుస్తుంటే నేను వెనక నిలబడితే నీకేం లాభం? నా దగ్గర నేర్చుకున్నది నాతో పని లేకుండా చెయ్యడానికే. పో, గురువారం అయ్యాక ఫోను చెయ్యి."

వెనక నిలబడటానికి వేరే మనిషి ఉన్నాడు లెండి. పిలవకుండానే వచ్చాడు, ఎల్వుడ్‌ను వెంటేసుకుని. నేను నా ట్రక్కులో, వాళ్ళు వాళ్ళ ట్రక్కులో. షెరీఫ్ ఆఫీసు మైదానానికి చుట్టూ ఇనప కంచె ఉంది. ఇద్దరూ కంచె అవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎల్వుడ్ అయితే మడత కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. జడ్జిగారి తోటమాలి కొడుకు నీడలో నిలబడి ఉన్నాడు, మడత నలగని చొక్కాతో.

దగ్గరి నుంచి మొదలుపెట్టి దూరం జరుగుతూ కాల్చాలి. మొదటి నలభై గుళ్ళూ అయ్యేసరికి డెప్యూటీ హాలిస్ వచ్చి లెక్క చూసి, "ముప్పై నాలుగు" అన్నాడు. ఈసారి నా ముఖం చూసే అన్నాడు. మిగిలినవి పది, ఇరవై అయిదు గజాల నుంచి. అయిదు అయిదుగా రెండు విడతలు, విడతకు ఇరవై సెకన్లు. పదిలో ఆరు తగిలితే చాలు.

ఈల వేశాడు. తల కుడికి, పిస్తోలు ఎడమ కంటి ముందుకు. మొదటిది పేలింది. తగిలిందని నాకు తెలిసిపోయింది, తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది.

అప్పుడు అరిచాడు వర్లిన్. ముప్పై ఏళ్ళు రంపాల మోతలో మాట్లాడిన గొంతు అది. చెవికప్పుల్లోంచి కూడా సూటిగా దూరింది.

"రో! ఎడమ కన్ను మూయి!"

మూశాను.

ఎందుకు మూశానని అడగకండి. ఆ గొంతుకు నా కనురెప్ప పంతొమ్మిదేళ్ళుగా ఊడిగం చేస్తోంది, నన్ను అడగలేదు. ఉన్నట్టుండి అంతా మసకబారింది. కంగారుగా రెండుసార్లు లాగాను. రెండూ కాగితం కుడి అంచుకు పోయాయని అప్పుడే తెలుసు. వెనక నుంచి హాలిస్ "కంచె దగ్గర ఎవరయ్యా! నోరు మూయండి!" అని కసురుతున్నాడు. సెకన్లు పోతున్నాయి.

కన్ను తెరిచాను.

నాలుగోది తగిలింది. అయిదోది తగిలింది. ఈల.

హాలిస్ పక్కకు వచ్చి, "మళ్ళీ కాల్పించే నియమం లేదు, రోవీనా. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు పాపం, తనే తప్పు చేసినట్టు.

"రెండో విడతకు ఈల వెయ్యండి" అన్నాను.

వర్లిన్ మళ్ళీ ఏమైనా అరిచాడేమో నాకు తెలియదు. అరవలేదని ఎల్వుడ్ తర్వాత చెప్పాడు. అయిదులో నాలుగు తగిలాయి. నలభై ఒకటి.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు కోడి వేయించి, గ్రేవీ చేసి, మొక్కజొన్న పొత్తులు ఉడికించి కూర్చుంది. ఎల్వుడ్ అప్పటికే బల్ల దగ్గర సెటిలైపోయాడు. హాలిస్ నాకిచ్చిన గురికాగితాన్ని వర్లిన్ నా ట్రక్కులోంచి తెచ్చి, విప్పి, ఫ్రిజ్ తలుపుకు నాలుగు అయస్కాంతాలతో అంటించాడు.

"చూడమ్మా, నలభై ఒకటి!" అన్నాడు తల్లితో. "కంకర గుంట దగ్గర ఎన్ని ఆదివారాలు పోశానో దీనికోసం. ముసలమ్మ ఏదో మెరుగు పెట్టింది, కాదనను. కానీ పునాది ఎవరిది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కుందేలును పట్టింది కూడా తను కాదు, అది వేరే సంగతి.

ఎల్వుడ్ కోడి కాలు పట్టుకునే లేచి, కాగితం దగ్గరికి వెళ్ళి, జిడ్డు వేలితో చూపించాడు. మనిషి బొమ్మలో గుత్తిగా పడ్డ చిల్లులు. లెక్క గీతకు బయట వేలెడు దూరంలో అక్కడక్కడ ఏడు. అవన్నీ సరే. కుడివైపు బొమ్మనే దాటి తెల్లకాగితం అంచున పక్కపక్కన రెండు.

"ఇవేంట్రా, ఈ రెండూ ఇంత దూరం పోయాయి?"

"పాత అలవాటు" అన్నాడు వర్లిన్ నవ్వుతూ. "చెయ్యి వణుకుతుంది."

నేను గ్రేవీ గిన్నె బల్ల మీద పెట్టాను. "అవి నావి కావు, ఎల్వుడ్" అన్నాను. "ఆ రెండూ మీ తమ్ముడివి. మిగతావి నావి."

గట్టిగా అనలేదు. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాను. ఎల్వుడ్ నోట్లో కోడి ముక్కతో నన్నూ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూశాడు. కంచె దగ్గర తనూ ఉన్నాడు, విన్నాడు. వాడికి తెలియకపోవడం ఏంటి? మా అత్తగారు నా వంక ఒక్క క్షణం చూసి, గ్రేవీ తీసుకుని కొడుక్కి వెయ్యకుండా ముందు నాకు వేసింది. ఆ ఇంట్లో అలా జరగడం నేనెన్నడూ చూడలేదు.

వర్లిన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకోలేదు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తీపి రొట్టె ముక్క ముందుకు జరిపితే వద్దన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఇంకా వెలుగుంది. నేను గిన్నెలు కడుగుతున్నాను. వర్లిన్ ఫ్రిజ్ ముందు నిలబడి చాలాసేపు ఆ రెండు చిల్లులూ చూశాడు. చూపుడువేలు ఒకదానిమీద పెట్టి తీశాడు.

"ఏ కన్నన్నావు?" అన్నాడు చివరికి.

ఈ విద్యలో వర్లిన్ టాకెట్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు.

"ఎడమది."

"ఊఁ" అన్నాడు. "మరి ఎవరికి ఏ కన్నో ఎలా తెలుస్తుంది?" అన్నాడు గొంతు తగ్గించి. "అంటే, నాలాంటివాడికి."

నా చేతులు సబ్బు నీళ్ళలో ఉన్నాయి. తుడుచుకుని రెండు చేతులూ ఎలా చాపాలో చూపించడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కూడా ఇవ్వబుద్ధి కాలేదు. జాలి వేసింది, ఆ మాట నిజమే. కానీ జాలి కన్నా ఏవగింపు ఇంకా రెండు పాళ్ళు ఎక్కువే ఉంది నాలో, దాన్ని దాచుకోవడానికి నేనేం పుణ్యాత్మురాలిని కాదు. పైగా నేను మొదలుపెడితే పంతొమ్మిదేళ్ళూ నా గొంతులోంచి ఒక్కసారిగా బయటికొస్తాయని భయం కూడా వేసింది.

"నన్నడక్కు. మొగుడికి నేర్పే ఓపిక నాకు లేదు" అన్నాను. "జెనీవా శనివారం ఎనిమిదింటికి మొదలుపెడుతుంది."

"ఆ ముసలమ్మ దగ్గరికా? నేనా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

కోర్టులో చేరిన మొదటి వారం చివర, శనివారం పొద్దున ఏడున్నరకు, వర్లిన్ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"కోళ్ళ దాణా అయిపోయింది. కొట్టుకు వెళ్ళొస్తా" అన్నాడు నా వంక చూడకుండా.

ఈ ఊళ్ళో దాణా కొట్టు శనివారం తొమ్మిదిన్నరకు గానీ తెరవరని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన ట్రక్కు వెనక్కి తీసి గేటు దాటేలోపు కిటికీలోంచి కేకేసి, అయితే రెండు బస్తాలు తెమ్మన్నాను.